తప్పు కాలిదన్నాను

మా నాయన చెప్పులు విడిచి కారు నడిపేవాడు. తలుపు తెరిచి, ఒక చేత్తో పైకప్పు పట్టుకుని, రెండు చెప్పులూ విప్పి సీటు కిందకు నెట్టి, అప్పుడు కూర్చునేవాడు. ఎండాకాలంలో పెడలు కాలదా అని అడిగితే, "చెప్పులేసుకుంటే బండి ఏం చెప్తాండాదో కాలికి వినపడదురా" అనేవాడు.

తమిళం మాట్లాడే కోవిల్‌పట్టిలో మాది తెలుగు ఇల్లు, నూనె కొట్టు. వేరుశనగ నూనె, నువ్వుల మంచినూనె, కొబ్బరినూనె, దీపాలకు పోసే చవక నూనె. నాయన నూనెను కంటితో చూసి కొనేవాడు కాదు. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, బొటనవేలితో రుద్ది, కళ్ళు మూసుకుని, "ఇది పోయినేటి గింజ" అనేవాడు. విరుదునగర్ బజారులో ఆ మాటకు ఎదురు చెప్పినవాణ్ణి నేను చూడలేదు. ఆయనకు చదువు తక్కువ, తెలివంతా చర్మంలో ఉండేది. నాకు చదువు కొంచెం ఎక్కువ, తెలివంతా నోట్లో ఉండేది.

నోరు దేనికంటే బేరానికి. కొట్ల మధ్య పుట్టి, కొట్ల మధ్యే పెరిగినవాణ్ణి. నడక రాకముందే బేరం వచ్చిందని మా అమ్మ నలుగురిలో చెప్పుకునేది. అందులో మెప్పు ఎంతో, ఏడుపు ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను. నా పద్ధతి వేరు. అరవను, కొట్టు దిగి వెళ్ళిపోతున్నట్టు నటించను. సరుకు చేతిలోకి తీసుకుని, జాలిగా చూసి, "అయ్యో, ఇక్కడ కొంచెం..." అని ఆపేస్తాను. మిగతాది అమ్మేవాడే వెతుక్కుంటాడు. తన సరుకు మీద తనకే అనుమానం వచ్చిందంటే ధర దానంతటదే దిగుతుంది. ఈ పద్ధతి కూరగాయల మీద, గుడ్డల మీద, పెళ్ళిచూపుల మీద కూడా పనిచేసింది. ఆఖరికి మా నాయన మీద కూడా పనిచేసింది.

వారంలో రెండు రోజులు నాయన విరుదునగర్ వెళ్ళేవాడు. తక్కిన అయిదు రోజులూ కొట్లో చెక్కపీట మీద ఒక కాలు మడిచి, ఒక కాలు కిందికి వేలాడేసి, డబ్బాల మధ్య ఇంకొక డబ్బాలా కూర్చునేవాడు. ఆ రెండు రోజులు మాత్రం తెల్లవారగానే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, తాళంచెవి వేలికి తగిలించుకుని బయటికొచ్చేవాడు. కారు పాతది. ఒక మిల్లు యజమాని వాడి వదిలేసిన తెల్ల కారు, తలుపు గట్టిగా వేస్తే అద్దం కిందికి జారేది. అయినా సాత్తూరు మీదుగా, రెండు పక్కలా నల్లరేగడి చేలు చూసుకుంటూ, ఎవరికీ జవాబు చెప్పకుండా పోయే ఆ గంటన్నర ఆయనది. బతుకులో ఆయనదంటూ ఉన్నది ఆ గంటన్నరే. అది ఎలా పోయిందో రాస్తున్నాను. పోగొట్టింది నేను.

తొంభైల చివర ఒక వేసవిలో, ఎడమ పక్క వెనక చక్రం లోపలి నుంచి బ్రేకు ఆయిలు కారడం మొదలైంది. మా బజారు మెకానిక్ చక్రం విప్పి చూసి, నాలుగు చక్రాల్లోనూ రబ్బరు వాషర్లు అరిగిపోయాయి, అన్నీ మార్చాలన్నాడు. అతను చెప్పిన కూలి విని నేను జాలిగా నవ్వాను. అతను నా నవ్వు ఎరిగినవాడు. స్పానరు కింద పడేసి, "మీరే చేసుకోండి అణ్ణాచ్చి" అని టీ తాగడానికి పోయాడు. మా వైపు కొట్టువాణ్ణి ఎవరైనా అలాగే పిలుస్తారు; ఆ పిలుపులో అన్న ఎంతో, చీదర ఎంతో పలికేవాడి గొంతును బట్టి ఉంటుంది.

సరే, నేనే చేస్తాననుకున్నాను. అది ఉత్త పంతం కాదు. పదేళ్ళుగా ఏ మెకానిక్ దగ్గర కారు పెట్టినా, మంచి సామాను తీసేసి పాతది బిగిస్తాడేమోనని పక్కనే నిలబడి కాపలా కాసేవాణ్ణి. దొంగను పట్టుకోవడానికి నిలబడి నిలబడి పని నేర్చుకున్నాను. దొంగ దొరకలేదు. పని సగమే వచ్చింది.

సామాన్ల కొట్టులో వాషర్లు కొన్నాను. బ్రేకు ఆయిలు సీలు వేసిన డబ్బాలో ఉంది. పెద్ద క్యాను నుంచి విడిగా కొలిచి పోసేదీ ఉంది. విడిగా అయితే తక్కువ, సీసా మనమే తెచ్చుకుంటే ఇంకా తక్కువ. ఈ మాట విన్నాక నాలాంటివాడు డబ్బా కొంటాడా? ఇంటికొచ్చి కొట్టు వెనక దొడ్లో ఒక గాజు సీసా తీశాను. ఏళ్ళ తరబడి దీపాల నూనె పోసి అమ్మిన సీసా అది. ఆ నూనె తినడానికి పనికిరాదు. మిల్లువాళ్ళు అందులో మినరల్ ఆయిల్ కలిపి పంపుతారని ఊరందరికీ తెలుసు.

సీసాను కడగలేదు. ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. నూనె కొట్టులో ఏ సీసాకూ, ఏ డబ్బాకూ, ఏ గరాటుకూ నీళ్ళు తగలనివ్వరు. ఒక్క చుక్క నీరు చాలు, పోసిన నూనె కంపు కొట్టి పోతుంది. చిన్నప్పుడు ఒకసారి మురికిగా ఉందని గరాటు కడిగితే నాయన నా వీపు మీద మోగించాడు. అంచేత మా ఇంట్లో శుభ్రం అంటే తలకిందులుగా పెట్టి ఎండలో వార్చడం, పొడిగుడ్డతో తుడవడం, అంతే. ఆ సీసాను కూడా రెండు రోజులు గోడవార తలకిందులుగా నిలబెట్టాను. పుల్లకు గుడ్డ చుట్టి లోపల తిప్పాను. ఎండలో పట్టి చూస్తే గాజు మిలమిల మెరిసింది. ఎందుకు మెరుస్తోందో ఆలోచించలేదు. పైగా బ్రేకు ఆయిలుకు కూడా నీళ్ళు పడవని ఎవరో మెకానిక్ చెప్పింది గుర్తొచ్చి, చూశావా మా పద్ధతి ఎంత శాస్త్రమో అని మురిసిపోయాను.

సామాన్ల కొట్టాయన సీసాను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం సీసా ఇది?" అన్నాడు తమిళంలో.

"ఆయిలు సీసానే. శుభ్రంగా ఉంది. కొసరు వేసి పొయ్యండి."

"బ్రేకు ఆయిలుకు కూడా కొసరు అడిగేది ఈ ఊళ్ళో మీరొక్కరే" అని, ఒక గుక్కెడు ఎక్కువే పోశాడు. గెలిచానన్న సంతోషంతో ఇంటికి వచ్చాను.

పని రెండు రోజులు పట్టింది. చక్రాన్ని లోపలి నుంచి పట్టి ఆపే బ్రేకు షూలు శుభ్రం చేశాను, చక్రాల్లోనూ, పెడలు తొక్కితే ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండరులోనూ వాషర్లు మార్చాను, అన్నీ బిగించి, కొట్టు గరాటుతోనే ఆయిలు పోశాను. ఇక గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కాలి, ఒకరు కింద పడుకుని చక్రం దగ్గర స్క్రూ వదిలి బిగించాలి. నాయన చెప్పులు విడిచి కూర్చున్నాడు. నేను కింద దూరాను.

"తొక్కు."

"తొక్కినా."

"పట్టుకో, వదలొద్దు... ఇప్పుడు వదులు."

"ఏంరా, నన్ను ఎద్దును తోలినట్ట తోలతా ఉండావు?"

"ఎద్దయితే ఇన్ని మాట్లాడదు నాయనా. తొక్కు."

పైన ఆయన నవ్వడం విన్నాను. సీటు స్ప్రింగులు కూడా ఆయనతో పాటు కిచకిచమన్నాయి. గాజు గ్లాసులోకి దించిన సన్న గొట్టంలో బుడగలు వచ్చి, తగ్గి, ఆగిపోయాయి. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "తండ్రీకొడుకులు ఇద్దరూ చేరి ఒక పని చేసింది ఇదే మొదటిసారి" అంది. ఆఖరిసారి కూడా అదే అయింది.

నాయన వీధి చివరిదాకా నడిపి, తిప్పుకొచ్చి ఆపాడు. "గెట్టిగా ఉండాదిరా. కొత్త బండి మాదిరి." అంతకు మించి ఆయన ఎవరినీ మెచ్చుకోడు. నేను మెకానిక్ కొట్టు ముందు నుంచి పనిలేకపోయినా రెండుసార్లు నడిచి వెళ్ళాను.

మొదటి రెండు వారాలు ఏమీ లేదు. మూడోవారం విరుదునగర్ నుంచి వచ్చిన నాయన తాళంచెవి మేకుకు తగిలించకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"సాత్తూరు దాటినాక బండి బరువుగా పోతాండాదిరా. ఎవరో ఎనక పట్టుకోని లాగతా ఉన్నట్ట ఉండాది."

నేను కారు తీసి ఊళ్ళో అయిదు నిమిషాలు తిప్పాను. చక్కగా పోయింది, చక్కగా ఆగింది. జాకీతో ఎత్తి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి చూశాను. హాయిగా తిరిగాయి. బ్రేకు షూలు చక్రానికి మరీ దగ్గరగా ఉన్నాయేమోనని వాటిని సర్దే పళ్ళచక్రాన్ని ఒక పన్ను వదులు చేశాను. తరవాతి ప్రయాణం నుంచి వచ్చి మళ్ళీ అదే మాట. ఈసారి వాసన కూడా వస్తోందన్నాడు.

"హ్యాండు బ్రేకు వదలకుండా నడిపినట్టున్నావు."

"ముప్పై ఏండ్లుగా వదలకుండానే నడిపినానా?"

చూశాను. హ్యాండు బ్రేకు తీగ బాగానే ఉంది. కొట్టు కుర్రాణ్ణి పెడలు దగ్గర కూర్చోబెట్టి గాలి మళ్ళీ తీశాను. ఆయిలు కొంచెం తగ్గితే అదే సీసాలోంచి, అదే గరాటుతో నింపాను. గొట్టం ఎక్కడైనా నొక్కుకుపోయిందేమోనని కారు కింద మధ్యాహ్నమంతా పడుకున్నాను. లోపం ఎక్కడా దొరకలేదు. దొరకదు కూడా. నేను చూసినప్పుడల్లా కారు చల్లగా ఉంది. అది యాభై కిలోమీటర్లు పరిగెత్తి వేడెక్కాక చేసే పనిని, చల్లారాక దొడ్లో నిలబెట్టి వెతికాను. ఈ ఒక్క ముక్క అప్పుడు తట్టి ఉంటే ఇది రాసే పనే లేదు.

బండిలో లోపం దొరకనప్పుడు ఇంకెక్కడ వెతకాలి? బండిలో ఉండేది బండి కాకుండా ఒక్క మనిషే.

"నాయనా, నువ్వు కాలు పెడలు మీదే పెట్టుకుని నడుపుతున్నావేమో. కొంచెం ఆనినా చాలు, షూ రాసుకుంటుంది, బరువుగా పోతుంది, వాసన వస్తుంది."

అమ్మ అంది. "నువ్వు పుట్టకముందు నుంచి నడపతాండాడు ఆ మనిసి. నువ్వు కాలు నేర్పిస్తావా?"

"నువ్వు సుమ్మా ఉండుమే" అన్నాడు నాయన అమ్మతో. ఊరకే ఉండమని. తరవాత నాతో, "సెరి, పక్కన కూచోని చూడు" అన్నాడు.

ఆదివారం కళుగుమలై దాకా పోయి వచ్చాం. దారి పొడుగునా ఆయన తన కుడికాలిని పెడలుకు దూరంగా పెట్టి, నాకు కనబడేలా పంచె మోకాలిదాకా లాక్కుని నడిపాడు. దారి తక్కువ, కారు వేడెక్కలేదు, ఏమీ కాలేదు. ఇల్లు చేరాక నా వంక చూశాడు. మెచ్చుకోలు కోసం చూసే చూపు అది. నేను నా బేరం గొంతుతో, "నేను పక్కనుంటే తీస్తావు. లేనప్పుడు నీకు తెలియకుండానే..." అని ఆపేశాను.

మిగతాది ఆయనే వెతుక్కున్నాడు.

ఆ తరవాతి మంగళవారం మధ్యాహ్నం విరుదునగర్ నుంచి ఒక వ్యాపారి కొట్టుకు ఫోను చేశాడు. మీ నాయన కారు బజారులో తోపుడు బండిని గుద్దింది, ఎవరికీ ప్రాణాపాయం లేదు, మీరు రండి అని. బస్సు ఎక్కి పోయాను. దిగేసరికి గంటన్నర దాటింది. మిరపకాయల బజారు సందు మొదట్లోనే దగ్గు వచ్చింది. తోపుడు బండి మీది మూటలు రెండు పగిలి, వీధంతా ఎండుమిరప పరుచుకుని ఉంది. ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు కట్టుకుని ఊడుస్తున్నారు. బండి తోసే ఆయనకు మోకాలి కింద చర్మం లేచిపోయింది. గట్టు మీద కూర్చుని, గాయానికి పసుపు అద్దుకుంటూ, "కారాయన అదిగో, అక్కడ కూర్చున్నారు" అని నాకు చూపించాడు. నాయన ఒక కొట్టు మెట్టు మీద ఉన్నాడు. చెప్పులు లేవు. కుడికాలు ముందుకు చాపుకుని దాన్నే చూస్తున్నాడు.

"తొక్కితే దిగిపోయిందిరా. నేలదాకా. మల్లా తొక్కినా. మల్లా. ఏమీ లేదు ఆడ."

నేను కారెక్కి పెడలు తొక్కాను. రాయిలా ఉంది. చుట్టూ ఏడెనిమిదిమంది ఉన్నారు, చూస్తున్నారు. అందరూ ముప్పై ఏళ్ళుగా నాయనకు సరుకు అమ్మినవాళ్ళు. కారు ముందుకు తీసి ఆపాను, వెనక్కు తీసి ఆపాను. ఠక్కున ఆగింది. నేను దిగి తాళంచెవి ఇస్తే నాయన అలవాటుగా మళ్ళీ వేలికి తగిలించుకున్నాడు.

"బ్రేకు బాగానే ఉంది నాయనా."

ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరో తమిళంలో, "వయసు కదా, ఇక కొడుకే నడిపితే మంచిది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

"నేను తొక్కినానురా" అన్నాడు నాయన తెలుగులో, నాకొక్కడికే.

"తొక్కాననుకున్నావు. కాలికి మునుపటి బలం లేదు. ఇంక నువ్వు నడపొద్దు."

ఆయన బేరమాడలేదు. తాళంచెవి వేలి నుంచి తీయబోతే దాని రింగు కణుపు దగ్గర ఇరుక్కుంది. అటూ ఇటూ తిప్పి, లాగి, నా చేతిలో పెట్టాడు. ఇంటికి బస్సులోనే వచ్చాడు. కారును నేనొక్కణ్ణే తెచ్చుకున్నాను. చల్లారిన కారు, సాయంకాలపు గాలి, మెల్లగా నడిపాను, ఏమీ కాలేదు. చూశావా, అనుకున్నాను.

ఆ తరవాత సరుకు లారీల్లో తెప్పించుకున్నాం. కారు ఊళ్ళో చిన్నా చితకా పనులకే తీసేవాణ్ణి. నాయన ఏడు రోజులూ చెక్కపీట మీదే కూర్చున్నాడు. గిరాకీ లేనప్పుడు కిందికి వేలాడే కాలితో ఎదురుగా ఉన్న నూనె డబ్బాను నొక్కేవాడు. నొక్కి, ఆగి, మళ్ళీ నొక్కేవాడు. డబ్బా రేకు లోపలికి పోయి టక్కుమని బయటికి వచ్చేది. కొట్టుకు వచ్చినవాళ్ళు ఏమిటా చప్పుడని చూసేవారు. కొన్నాళ్ళకు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ కాలును ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు జాగ్రత్తగా నేల మీద పెట్టేవాడు. డాక్టరు చూసి నరం బాగుంది, కండ బాగుంది అన్నాడు. నాయన ఆయన మాట నమ్మలేదు. నా మాట నమ్మాడు.

నాలుగు నెలల తరవాత, ఒక పెళ్ళికి నేనే కారులో విరుదునగర్ బయల్దేరాను. ఎండ బాగా ఉంది. సాత్తూరు దాటాక కారు బరువెక్కింది. ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నట్టు. ఆ మాట ఎక్కడ విన్నానో గుర్తు రావడానికి ఇంకో రెండు కిలోమీటర్లు పట్టింది. నా కాలి వంక చూసుకున్నాను. పెడలుకు జానెడు దూరంలో ఉంది. కాలిన రబ్బరు వాసన వచ్చింది. గేరు తగ్గించాను, ఇంకా తగ్గించాను. విరుదునగర్ పొలిమేరలో కారు తనంతట తానే నిలబడిపోయింది. దిగి తోస్తే కదల్లేదు. వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టబోయి, వేడికి వెనక్కు తీసుకున్నాను.

రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒక మెకానిక్ ఉన్నాడు. నేను గొణుక్కున్నది విని, "మీరూ మనోళ్ళేనా?" అని తెలుగులోకి దిగాడు. తాయిల్‌పట్టి పక్కనట, అమ్మానాన్నలిద్దరూ బాణసంచా పనిలో ఉండేవాళ్ళట. కారు కింద దూరి, చక్రం దగ్గర స్క్రూ అర చుట్టు వదిలాడు. ఆయిలు చివ్వున చిమ్మింది. బిగుసుకున్న చక్రం వదులైంది.

"తొక్కకుండానే తొక్కినట్ట ఉండాది లోపల" అన్నాడు. "ఆయిలు ఎనక్కి పోయే దారి మూసుకోనుండాది. దూరం పోతే వేడి. వేడి మించితే ఆయిలు మరిగి, పెడలు నేలదాకా పోతాది. చల్లారితే మల్లా గెట్టి. మునుపు ఎవరికైనా అట్ట అయిందా?"

అతను మాస్టర్ సిలిండరు విప్పి, లోపలి రబ్బరు వాషరు తీసి, కొత్తదాని పక్కన పెట్టాడు. నేను వేసినది, నానబెట్టిన శనగగింజలా ఉబ్బి ఉంది. తరవాత ఒక గాజు గ్లాసులో నీళ్ళు తెచ్చి, కారులోంచి తీసిన ఆయిలు కొంచెం అందులో పోసి కలిపాడు.

"మంచి బ్రేకు ఆయిలు నీళ్ళలో కలిసిపోతాది. చూడండి."

చూశాను. నీటి మీద చిన్న చిన్న కళ్ళు తేలాయి. పసుపుపచ్చటి, గుండ్రటి, మెరిసే నూనె కళ్ళు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న కళ్ళే. వాటికి పేరు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎవడన్నా ఇందులో ఎణ్ణెయ్ పోసినాడా? నూనె తగిలితే రబ్బరు ఉబ్బిపోతాది. ఏ మెకానిక్ చేసినాడు ఈ పని? వాణ్ణి చెప్పుతో కొట్టాల" అన్నాడు.

"కోవిల్‌పట్టిలో ఒకడు" అన్నాను.

రబ్బరన్నది ఒక్కటి కూడా మిగలకుండా మార్చి, గొట్టాలు కడగాలన్నాడు. కూలి చెప్పాడు. అంత జరిగాక కూడా నా నోరు దానంతటదే తెరుచుకుని, "అయ్యో, కొంచెం..." అంది. అతను ఏమనుకున్నాడో కొంచెం తగ్గించాడు. ఆ తగ్గింపు ఇప్పటికీ నన్ను కుడుతుంది.

ఇంటికి వచ్చేసరికి నాయన కొట్టులోనే ఉన్నాడు. నిలబడే చెప్పాను. సీసా సంగతి, గరాటు సంగతి, నీటి గ్లాసు సంగతి. "తప్పు నీ కాలిది కాదు నాయనా. మొదటి నుంచీ నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాది" అన్నాను. ఈ మాటలు దారంతా వల్లించుకుంటూ వచ్చాను. చెబితే ఆయన తిడతాడని, తిట్టాక తాళంచెవి అడుగుతాడని అనుకున్నాను.

"సెరి" అన్నాడు. "ఇప్పుడు బాగు చేసినారు గదా? జాగర్తగా నడుపు."

"నువ్వు నడుపు నాయనా."

వద్దన్నాడు. నేను వదల్లేదు. ఆ రోజు బేరమాడినట్టు బతుకులో ఎన్నడూ ఆడలేదు. చివరికి లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగి, కారు దగ్గరికి వచ్చాడు. పైకప్పు పట్టుకున్నాడు. చెప్పులు విప్పి సీటు కిందకు నెట్టాడు. కూర్చుని, కుడికాలు పెడలు మీద పెట్టి తొక్కాడు. ఇంకోసారి తొక్కాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"గెట్టిగా ఉండాదారా?" అని నన్ను అడిగాడు.

"నీకు తెలియడం లేదా?"

ఆయన కాలి వంక చూసుకున్నాడు. "తెలీలేదురా. నేను తొక్కతా ఉండానో, తొక్కినానని అనుకుంటా ఉండానో, తెలీలేదు."

చెప్పులు చేత్తో పట్టుకుని దిగాడు. నేను నాలుగు నెలల్లో దింపిన ధరను మళ్ళీ ఎక్కించడం నాకు చేతకాలేదు. అది నేను ఎప్పుడూ నేర్చుకోని పని.

ఆ తరవాత వారానికి రెండుసార్లు నేనే ఆయన్ను విరుదునగర్ తీసుకెళ్ళేవాణ్ణి. ఎడమ పక్క ముందు సీటులో కూర్చునేవాడు. అక్కడ కూడా చెప్పులు విప్పేవాడు. మొదట్లో నేను గమనించలేదు. తరవాత గమనించి ఊరుకున్నాను. ఎదురుగా లారీ వచ్చినా, మేకల మంద అడ్డం పడినా, సాత్తూరు దగ్గర మలుపు వచ్చినా, ఆయన కుడికాలు కింద పరిచిన మ్యాటును నొక్కేది. నేను బ్రేకు వేయడానికి సరిగ్గా ఒక క్షణం ముందు. ఎన్నడూ ఆలస్యం కాలేదు, ఎన్నడూ అనవసరంగా నొక్కలేదు. ఆ కాలికి తెలుసు. ఆయనకే తెలియదు. చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన కాలును చూసుకోవడం మొదలుపెడతాడు, అది కూడా పోతుంది. అందుకని రోడ్డు చూస్తూ నడిపాను.

అలా ఆరేళ్ళు. ఆయన పోయాక ఒక ఏడాది కారు దొడ్లోనే ఉంది, తరవాత అమ్మకానికి పెట్టాను. కొనడానికి వచ్చినాయన నా బాపతే. బానెట్టు ఎత్తలేదు, టైర్లు చూడలేదు. ఎడమ పక్క తలుపు తీసి, వంగి, మ్యాటు మీద మడమ ఆనేచోట అరిగిపోయి రేకు కనబడుతున్న కంతలో వేలు పెట్టాడు.

"అయ్యో, ఇక్కడ కొంచెం..." అని ఆపాడు. "డ్రైవరు పక్కన ఇలా అరగడం నేనెక్కడా చూళ్ళేదే. ఎందుకిలా అయింది?"

నేను కారణం చెప్పలేదు. ఆయన అడిగినంత తగ్గించాను.